లాటరైట్ పిట్: వానలకి ముందు స్టాక్ ఎంత, రేక్‌కి బ్లెండింగ్ ఎలా?

మెట్ట_లీజు
ప్రత్తిపాడు పక్క మెట్టలో మాది లాటరైట్ (అల్యూమినా, ఐరన్ ఎక్కువున్న ఎర్ర రాతి మట్టి) పిట్. సరుకు సామర్లకోట దగ్గర యార్డుకి తోలి, అక్కణ్ణుంచి రేకుల్లో (పూర్తి గూడ్సు రైళ్ళలో) సిమెంటు ఫ్యాక్టరీకి పంపుతున్నాం. నెలకి రెండు రేకులు, రేక్ సుమారు 3,800 టన్నులు. ఒప్పందం ప్రకారం సిలికా 16 శాతం దాటకూడదు, అల్యూమినా ఐరన్ కలిపి 60కి తగ్గకూడదు. పిట్‌లో మూడు రకాలు ఉన్నాయి. ల్యాబ్ సగటులు ఇవి, అన్నీ శాతాల్లో, డ్రై బేసిస్ (తేమ తీసేసిన లెక్క):

ఏ (పైన గట్టి ఎర్ర పొర): అల్యూమినా 30, ఐరన్ 40, సిలికా 10
బి (మధ్య పొర): అల్యూమినా 42, ఐరన్ 23, సిలికా 10
సి (అడుగున తెల్ల మచ్చల మట్టి): అల్యూమినా 34, ఐరన్ 16, సిలికా 34

ఇప్పటిదాకా ఎక్కువగా బి పంపాం. ఒప్పందం లెక్కన పెనాల్టీ ఏమీ పడలేదు. కానీ అల్యూమినాకీ ఐరన్‌కీ నిష్పత్తి రేక్ రేక్‌కీ ఊగుతోందని ఫ్యాక్టరీ ల్యాబ్ నుంచి మెయిల్ మీద మెయిల్. 1.2 నుంచి 1.4 మధ్య ఉంచమంటున్నారు. ఇటు యార్డులో ఏ, సి కుప్పలు పేరుకుపోతున్నాయి. జూన్ మధ్యకల్లా హాల్ రోడ్డు (పిట్ నుంచి టిప్పర్లు తిరిగే దారి) బురదైపోతుంది. ఎంత స్టాక్ పెట్టాలి, కలిపి పెట్టాలా విడిగానా, మూడు ఫేస్‌ల్లో (తవ్వకం జరిగే గోడల్లో) ముందు దేన్ని తవ్వాలి?

పాత_క్వారీ
ముందు బి తవ్వి అమ్మేయండి. మంచి సరుకు ముందు, నాసి సరుకు తర్వాత. డబ్బు ముందు చేతికొస్తే వడ్డీ కలిసొస్తుంది. రాగి, బంగారం గనుల్లో మొదటి ఏళ్ళలో కటాఫ్ (తీసుకునే సరుకుకి కనీస గ్రేడ్) ఎక్కువ పెట్టేది ఇందుకే.

గౌతమి_ల్యాబ్
ఫ్యాక్టరీ వాళ్ళ బాధ నిజమైనదే. వాళ్ళ రా మిక్స్‌లో (సిమెంటుకి కాల్చే ముడి మిశ్రమంలో) లాటరైట్ వాటా చిన్నది, కానీ దాన్ని వాడేదే అల్యూమినా, ఐరన్ సర్దుకోడానికి. ఆ రెంటి నిష్పత్తి మారితే కిల్న్‌లో (కాల్చే కొలిమిలో) ద్రవం ఏర్పడే తీరు మారుతుంది, క్లింకర్‌లో (కాల్చాక వచ్చే గడ్డల్లో, సిమెంటుగా నూరేది వీటినే) ఖనిజాల వాటాలు మారతాయి. మీ బి ఒక్కటే పంపితే నిష్పత్తి 42/23, అంటే 1.83. తర్వాత రేక్‌లో మూడింట రెండు వంతులు ఏ పడితే ఒక్కసారిగా 1కి దిగుతుంది. సిలికా బాగుందని మీరు నిశ్చింతగా ఉంటారు, కిల్న్ ఆపరేటర్ అక్కడ తంటాలు పడతాడు. వాళ్ళకి రేక్ గొప్పగా ఉండక్కర్లేదండి, నిన్నటిలాగే ఉంటే చాలు.

కోనసీమ_సాల్వర్
పాత_క్వారీ గారూ, మీరు చెప్పింది లోహపు గనులకి సరిపోతుంది. అక్కడ ప్రతి టన్నుకీ దాని లోహం విలువ దానిదే. ఇక్కడ లెక్క వేరు. బి అయిపోయాక ఏ, సి మాత్రమే మిగిలాయనుకోండి. సిలికా 16 లోపు ఉండాలంటే సి 25 శాతం దాటకూడదు. 75 ఏ, 25 సి కలిపితే అల్యూమినా 31, ఐరన్ 34, నిష్పత్తి 0.91. ఆ రేక్ వాళ్ళు అడిగిన హద్దులోకి రాదు. అంటే బి లేకుండా ఏ, సి రెండూ అమ్ముడుపోవు.

35 ఏ, 45 బి, 20 సి వేసి చూడండి: అల్యూమినా 36.2, ఐరన్ 27.55, సిలికా 14.8, నిష్పత్తి 1.31. అన్నీ హద్దులో ఉన్నాయి, సిలికాలో కాస్త జాగా కూడా మిగిలింది. ఈ లెక్కన ఒక టన్ను బి తన వెనక 1.2 టన్నుల ఏ, సి ని అమ్మిస్తుంది. బి టన్ను విలువ దాని సొంత గ్రేడ్‌లో లేదు, అది గట్టెక్కించే సరుకులో ఉంది. ఒక్క బి తోనే రేక్ నింపిన ప్రతిసారీ పిట్ ఆయుష్షు తరిగిపోతుంది.

పాత_క్వారీ
ఫ్యాక్టరీ నిష్పత్తి ఒప్పందంలో లేదు కదా. మెయిల్‌లో ఉన్నదానికి మనమెందుకు కట్టుబడాలి?

సామర్లకోట_సైడింగ్
ఒప్పందం రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆ మెయిళ్ళే షరతులుగా మారతాయి. అప్పటికి బి అయిపోయి ఉంటే బేరం ఆడే చోటు ఉండదు.

పాత_క్వారీ
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ స్టాక్ మీద వడ్డీ సంగతి ఎవరైనా లెక్కగట్టండి.

కోనసీమ_సాల్వర్
కడదాం. ముందు ఒక హెచ్చరిక. ఎక్సెల్‌లో నిష్పత్తిని సగటు చేయకండి. ఏ 0.75, బి 1.83, సి 2.13. వీటికి 35, 45, 20 వాటాలిస్తే 1.51 వస్తుంది. అసలు 1.31. అల్యూమినా విడిగా, ఐరన్ విడిగా సగటు చేసి, చివర్లో భాగించాలి. సాల్వర్‌లో (షరతులకి సరిపడే వాటాలు వెతికే ప్రోగ్రాంలో) పెట్టేటప్పుడు కూడా భాగహారం వద్దు. అల్యూమినా లోంచి 1.2 రెట్ల ఐరన్ తీస్తే సున్నాకి తగ్గకూడదు, 1.4 రెట్లు తీస్తే సున్నా దాటకూడదు అని రెండు వరసలు రాయండి. అంతా సరళ సమీకరణమే, ఉచిత సాల్వర్ కూడా క్షణంలో చేసేస్తుంది.

ఇంకో చిక్కు. స్టాక్ కుప్పని మోడల్‌లో ఒకే గ్రేడ్‌గా పెడితే అబద్ధపు ప్లాన్ వస్తుంది. నిన్న వేసిన 12 సిలికా, మొన్న వేసిన 6 సిలికా కలిసి 9 అయిపోయినట్టు చూపిస్తుంది. కుప్పలో అవి ఇంకా రెండు మూలల్లో విడివిడిగానే ఉంటాయి. అందుకే గ్రేడ్ శ్రేణుల వారీగా చిన్న కుప్పలు పెట్టి, ఒక్కోదాన్ని విడి సరుకుగా రాసుకోవాలి.

మెట్ట_లీజు
స్టాక్ ఎంత అన్నది?

కోనసీమ_సాల్వర్
జూన్ మధ్య నుంచి నవంబరు మధ్య దాకా చూసుకోండి. నైరుతి పోయినా అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, అప్పుడూ రోడ్డు నమ్మలేం. 5 నెలలకి 10 రేకులు, 38,000 టన్నులు. వాన తెరిపిచ్చిన రోజుల్లో పిట్ నుంచి 40 శాతం వస్తుందనుకుంటే 15,200. మిగతాది 22,800, దాని మీద భద్రతకి ఒక రేక్. సుమారు 27,000 టన్నులు. ఆ 40 శాతం నా ఊహ. మీ ట్రిప్ షీట్లు తీసి గత వానాకాలాల్లో నిజంగా ఎంత తోలారో చూసి వేసుకోండి, మొత్తం లెక్క దాని మీదే నిలబడుతుంది.

వడ్డీ: టన్నుకి తవ్వకం, రవాణా, రాయల్టీ కలిపి 500 అనుకుంటే 1.35 కోట్లు ఇరుక్కుంటాయి. స్టాక్ క్రమంగా దిగుతుంది కాబట్టి సగటున సగం. 12 శాతం చొప్పున 5 నెలలకి సుమారు 3.4 లక్షలు. ఒక్క రేక్ వెనక్కొస్తే పోయేది దీనికన్నా ఎక్కువ.

గట్టు_సర్వేయర్
యార్డుకి తోలే ముందు కాగితాలు చూసుకోండి. లీజు హద్దు దాటగానే పర్మిట్, రాయల్టీ కట్టాల్సిందే, అమ్మినా అమ్మకపోయినా. లీజు బయట స్టాక్ పెడితే ఏపీ మినరల్ డీలర్స్ రూల్స్ 2000 కింద లైసెన్సు కావాలి. లాటరైట్ 2015 ఫిబ్రవరి నుంచి చిన్న తరహా ఖనిజం, అంతా రాష్ట్ర గనుల శాఖ దగ్గరే.

రాయల్టీ తడి బరువు మీద కట్టేసి, యార్డులో ఆరాక తక్కువ టన్నులు పంపుతారు. పుస్తకంలో ఆ తేడా స్టాక్‌గా కనబడుతుంది, నేల మీద ఉండదు. పుస్తకం రెండు కాలమ్‌లుగా రాయండి: తడి బరువు, డ్రై బరువు. నెలాఖరున కుప్ప కొలిచి డ్రై కాలమ్‌తో సరిచూడండి.

ఎర్రరాయి
మీ బి లో సిలికా 10 అంటున్నారు. ఆ సగటు డ్రిల్ శాంపిల్‌దా, యార్డులో వచ్చినదా?

మెట్ట_లీజు
డ్రిల్ శాంపిల్. యార్డులో 12 చిల్లర వస్తోంది.

ఎర్రరాయి
అదే అనుకున్నా. ఫేస్ దగ్గర నిలబడి చూడండి. పైన ఇనుపరంగు గుండ్లు ఒకదానికొకటి అతుక్కున్న గట్టి పొర, దాని కింద ఇటిక రంగు, ఇంకా కిందకి ఊదారంగు తిరిగి తెల్ల మచ్చలు మొదలవుతాయి. వేలితో గీస్తే తెలుపు జిడ్డుగా గోరుకి అంటుకుంటుంది, అదే సుద్ద మట్టి. ఆ హద్దు ఎక్కడా గీత గీసినట్టు ఉండదు. కొన్నిచోట్ల మీటరు పైకి పొడుచుకొస్తుంది, కొన్నిచోట్ల గుంటలా దిగిపోతుంది. పొక్లెయిన్ ఆపరేటర్‌కి కావల్సింది చదునైన ఫ్లోర్. చదును కోసం ఆ పొడుపుల్ని గీకేస్తాడు. 3 మీటర్ల బి లో 30 సెంటీమీటర్లు అదనంగా గీకితే చాలు, సిలికా 10 కాస్తా 12.2 అవుతుంది. మీ 12 చిల్లర ఎక్కడిదో తెలిసిపోయింది కదా.

పళ్ళున్న బకెట్ మార్చి, ఆఖరి అర మీటరు నున్నటి అంచు బకెట్‌తో తీయించండి. ఆ పని పగటిపూటే జరగాలి. లైట్ల వెలుగులో ఊదారంగూ ఎరుపూ ఒకేలా కనబడతాయి.

పాత_క్వారీ
6 మీటర్ల బెంచ్ (తవ్వకంలో వదిలే మెట్టు) పెడితే పని జోరుగా సాగుతుంది, ఈ గీకుడు గొడవ కూడా తగ్గుతుంది.

బెంచ్_106
కుదరదు. మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ 1961లో 106వ రెగ్యులేషన్ చదవండి. మొరం, గ్రావెల్, బంకమట్టి లాంటి నేలలో పక్కలు 45 డిగ్రీలు మించని వాలులో ఉండాలి, లేదా బెంచ్ ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకి తగ్గకూడదు. మీరు అంటున్న 6 మీటర్లు ఇలాంటి నేలకి కుదరవు. పైన రాయిలా ఉంది కదా అని మొత్తం ఫేస్‌ని రాయి కింద లెక్కేయలేం, కింద ఉన్నది సుద్ద మట్టి. వాన నీరు ఆ హద్దు దగ్గరే ఊరుతుంది, పై గట్టి పొర పలకలు పలకలుగా విరిగి పడేది అక్కడే. యంత్రాలతో ఎక్కువ ఎత్తు కావాలంటే డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా విభాగం) అనుమతి తీసుకుని, వాళ్ళు పెట్టిన షరతుల్లోనే చేయాలి.

పైగా ఎత్తు బెంచ్ అంటే ఏ, బి, సి మూడూ ఒకే బకెట్‌లో. చిన్న బెంచ్ మీకు గ్రేడ్ పరంగా కూడా లాభమే.

ఎర్రరాయి
బెంచ్_106 మాటే నా మాట. 3 మీటర్ల బి ని 1.5 చొప్పున రెండు బెంచ్‌లుగా తీస్తే కింది బెంచ్‌లో మాత్రమే జాగ్రత్తపడితే చాలు.

మెట్ట_లీజు
సి మాత్రం చాలా మిగిలిపోతుంది. పిట్‌లో ఏ, బి, సి నిల్వలు సుమారు 30:35:35.

కోనసీమ_సాల్వర్
35 బి కి 27 ఏ, 15.6 సి పడతాయి. ఏ దాదాపు ఖర్చవుతుంది, సి సగం పైన మిగిలిపోతుంది. ఆ మిగిలేదాన్ని తవ్వి యార్డుకి తేవద్దు. పిట్ అడుగునే వదిలేస్తే దానికి తవ్వకం లేదు, రవాణా లేదు, రాయల్టీ లేదు, వానకి తడిసే భయం లేదు.

గట్టు_సర్వేయర్
వదలొచ్చు కానీ దాని మీద పనికిరాని మట్టి డంప్ చేయకండి. రేపు ఐరన్ ఎక్కువున్న సరుకు ఇంకెక్కడైనా దొరికి సి కి గిరాకీ వస్తే, మీద డంప్ ఉన్న పిట్ తెరవడానికి రెట్టింపు ఖర్చు. మైనింగ్ ప్లాన్‌లో సబ్‌గ్రేడ్‌గా (తక్కువ గ్రేడ్ సరుకుగా) చూపించి, ప్లాన్ మీద హద్దులు గుర్తించండి.

సామర్లకోట_సైడింగ్
యార్డు సంగతి. మెట్ట మీద పిట్ వాళ్ళకి ఇది తట్టదు: ఇక్కడ డెల్టా అంచు నేల నల్లరేగడి. కుప్ప బరువుకి, టిప్పర్ల తొక్కుడికి అడుగు మట్టి మెత్తబడి పైకి ఉబుకుతుంది. లోడర్ ఆఖరి బకెట్లతో దాన్నీ ఎత్తేస్తుంది. రేక్ చివరి వ్యాగన్లలో సిలికా పెరిగేది అందుకే. ముందు అర మీటరు గ్రావెల్ పరిచి రోలర్ తిప్పండి, వందకి ఒకటి వాలు, చుట్టూ కాలవ. ఆ మీద అడుగు 30 సెంటీమీటర్ల సరుకు ముట్టుకోవద్దు. దాన్ని ఒక్కసారికి పెట్టుబడి కింద రాసేయండి, ఏటా అదే పనికొస్తుంది.

మెట్ట_లీజు
కలిపి పెట్టాలా, విడిగానా?

సామర్లకోట_సైడింగ్
రేక్ వచ్చాక ఫ్రీ టైమ్ (లోడింగ్‌కి రైల్వే ఉచితంగా ఇచ్చే గడువు) గడియారం మొదలవుతుంది. వానలో మూడు కుప్పల మధ్య లోడర్లు తిరిగితే డెమరేజ్ (ఆలస్యానికి రైల్వే వేసే రుసుము) తప్పదు. కలిపే పెట్టండి.

గౌతమి_ల్యాబ్
అన్నీ కలిపేస్తే రేపు తేడా వస్తే సర్దుకోడానికి చేతిలో ఏముంటుంది? కలిపినదాన్ని విడదీయలేం. 18,000 టన్నులు కలిపి, 9,000 విడిగా పెట్టండి. ఆ విడి వాటిలో ఏ, బి ఎక్కువ, సి తక్కువ.

సామర్లకోట_సైడింగ్
అది బాగుంది. ఒప్పుకుంటున్నా.

ఎర్రరాయి
కలిపే కుప్ప పొరలుగా పోయాలి. ఎత్తు 5 మీటర్లు, పైన వెడల్పు 20, అడుగున 33. అడ్డుకోత సుమారు 133 చదరపు మీటర్లు, లూజ్ డెన్సిటీ (వదులుగా పోసిన సరుకు ఘనపు మీటరుకి ఎన్ని టన్నులు) 1.6 అయితే 18,000 టన్నులకి పొడవు 85 మీటర్లు. అర మీటరు పొర చొప్పున 10 పొరలు, పొరకి 1,800 టన్నులు, అంటే 18 టన్నుల టిప్పర్లు 100. ప్రతి పొరా కుప్ప పొడవంతా పరుచుకోవాలి. ఆత్రేయపురం పూతరేకు చుట్టినట్టు, పొర మీద పొర. ఎత్తేటప్పుడు ఆ పొరలన్నీ ఒకేసారి తెగేలా అడ్డంగా కోయాలి. లోడర్ ఒక పక్క నుంచి పైపైన గీకితే పడ్డ శ్రమంతా వృథా.

టిప్పర్_లెక్కలు
పూతరేకుల్లో బెల్లం ఒక్క మూలే పడితే తినేవాడు ఊరుకోడు కదా, ఫ్యాక్టరీ కూడా అంతే.

గౌతమి_ల్యాబ్
10 పొరలంటే సిద్ధాంతం ప్రకారం ఊగిసలాట రూట్ 10తో భాగించినంతకి తగ్గాలి, 4 శాతం కాస్తా 1.3. అంత రాదు. ఒకే ఫేస్ నుంచి వరసగా వచ్చిన టిప్పర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి. 2కి దిగినా మంచి పనే. కుప్ప రెండు కొసల్లో పొరలు పూర్తిగా ఉండవు, ఆ కొసలు రేక్‌కి వేయకుండా తర్వాతి కుప్పలోకి మళ్ళించండి.

బెంచ్_106
డోజర్‌తో పొరలు పరిస్తే ‘ఏ’ రకం గడ్డలు నలిగి పొడి అవుతాయి, ఆ పొడి నీళ్ళు పట్టుకుంటుంది. వ్యాగన్ తిరగేసినా అడుగున అతుక్కుపోతుంది. తేలిక డోజర్, ఒక్క తోపుడు, అంతే. పై పొర మధ్యలో ఎత్తుగా రెండు పక్కలకీ వాలుగా ముగించండి. పైన గుంట ఉంటే కుప్ప నీళ్ళు తాగుతూనే ఉంటుంది. టార్పాలిన్ విడి సి కుప్పకి తప్పనిసరి, మిగతా వాటికి డబ్బుంటే.

టిప్పర్_లెక్కలు
విడి కుప్పల నుంచి వ్యాగన్లకి నేరుగా వేసేటప్పుడు 35:45:20ని బకెట్ల లెక్కన 7:9:4 అంటారా? మీ లూజ్ డెన్సిటీ, తేమ చెప్పండి.

మెట్ట_లీజు
ఏ 1.8, తేమ 7. బి 1.6, తేమ 10. సి 1.4, తేమ 18.

టిప్పర్_లెక్కలు
అయితే 7:9:4 బకెట్లు వేస్తే డ్రై టన్నుల్లో 40:44:16 అవుతుంది. సిలికా 13.8కి దిగుతుంది. బాగానే ఉందనిపిస్తుంది, కానీ సి మిగిలిపోతుంది, ఏ తొందరగా అయిపోతుంది. 6:9:5 వేయండి. డ్రైలో సరిగ్గా 35:45:20 వస్తుంది.

పిట్‌లో ఇంకో సంగతి. టిప్పర్లకి ట్రిప్‌కి ఇంత అని కట్టిస్తే డ్రైవర్లు దగ్గర ఫేస్‌కే పోతారు. సాధారణంగా అది ‘ఏ’ రకం ఫేస్. ప్లాన్‌లో 45 బి ఉన్నా సాయంత్రానికి 60 ఏ తేలుతుంది. ఫేస్ దూరం బట్టి ట్రిప్ రేటు వేరుగా పెట్టండి, లేదా టన్ను-కిలోమీటరు లెక్కన కట్టండి. పిట్ గేటు దగ్గర ఏ, బి, సి అని రంగు జెండా టిప్పర్‌కి కట్టి పంపితే యార్డు సూపర్‌వైజర్ ఏది ఎక్కడ పోయాలో తికమకపడడు.

పాత_క్వారీ
మూడు ఫేస్‌లూ ఒకేసారి తెరిచి ఉంచాలంటే మూడు పొక్లెయిన్లు కావాలి.

టిప్పర్_లెక్కలు
రెండు చాలు. ఒకటి బి మీదే ఉంటుంది, దాన్ని కదపకండి. రెండోది ఏ మీద కొన్ని రోజులు, సి మీద కొన్ని రోజులు, 35:20 వాటా కుదిరేలా. కుప్పల్లో పొరలు పోసేటప్పుడు కూడా ఆ వరసే పాటించండి.

గౌతమి_ల్యాబ్
శాంపిల్ గురించి చివరిగా. ఫేస్ మీద చేతికందిన గడ్డ ఏరకండి. పై నుంచి కింద దాకా ఒకే వెడల్పు గాడి తీసి, మీటరుకో సంచి. చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేతో మూలకాల శాతం చూపే చిన్న పరికరం) ఐరన్‌కి నమ్మొచ్చు. అల్యూమినా, సిలికా తేలిక మూలకాలవి, తడి సరుకు మీద అది చూపించే అంకెలు బ్లెండింగ్‌కి పనికిరావు, సరుకు ఎటు పంపాలో తేల్చుకోడానికి మాత్రం సరిపోతాయి. తేమ ప్రతి రేక్‌కీ కొత్తగా తీయండి, ఓవెన్ 105 డిగ్రీల దగ్గర. పెనం మీద మాడిస్తే ఖనిజంలో కట్టుబడి ఉన్న నీరు కూడా కదిలి, తేమ ఎక్కువ చూపిస్తుంది.

మెట్ట_లీజు
ల్యాబ్ రిజల్ట్ రావడానికి రెండు రోజులు పడుతోంది. ఆ లోపు వచ్చే టిప్పర్లు ఎక్కడ పోయించాలి?

గౌతమి_ల్యాబ్
రిజల్ట్ రాని సరుకుకి విడిగా ఒక జాగా. రెండు రోజుల తోలకం పట్టేంత, చిన్న చిన్న గుట్టలుగా, ఒక్కో గుట్ట మీద ఫేస్ పేరు, తేదీ రాసిన కర్ర. రిజల్ట్ వచ్చాకే కుప్పకి. వానలు మొదలయ్యాక ఈ జాగా నిండిపోతే టిప్పర్లు ఆపండి, గుర్తు లేని సరుకు మాత్రం కుప్ప మీద పోయనివ్వకండి.

మెట్ట_లీజు
రేపు యార్డులో గ్రావెల్ పరిపించడం మొదలుపెడుతున్నా. మొదటి పొర అయ్యాక కొలతలు ఇక్కడే పెడతాను.

సామర్లకోట_సైడింగ్
గ్రావెల్ వేసే ముందే కాలవ తవ్వించండి. తర్వాత తవ్వితే పరిచిన అంచు కూలిపోతుంది.